ఉబ్బసము – తెల్లకణముల పట్టు
(రైతుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈరోజు పాడిపశువుల మేతను గూర్చి మాట్లాడతానని మీరు వచ్చి ఉండవచ్చును. మీలో చాలామంది నన్ను ఆవుల డాక్టరుగానే ఎరుగుదురు. కాని ఈ పూట నేను ఉబ్బసమును గూర్చి, అందులోను దుమ్ము ధూళి పడకపోవుట వలన వచ్చే ఎలర్జీ ఉబ్బసమును గూర్చి చెప్పదలచినాను. నేను మనుషుల వైద్యుడను కాను. మందు వ్రాసి ఇచ్చే పని నాది కాదు. ఐతే ఈ జబ్బులో ఊపిరి గొట్టముల లోపల ఏమి జరుగుతున్నదో తెలియక మా ఇంట్లోనే ఒక పొరపాటు జరిగినది. అందులో నా వంతు ఉన్నది. అది చెప్పి, దాని వెనుకనున్న సంగతి చెబుతాను. మధ్యలో ఒక ఆబోతు కథ కూడ వస్తుంది కనుక నా వృత్తిని బొత్తిగా వదలినట్లు కాదు.

మన ఊళ్లలో డిగ్రీ చదివిన పిల్లలు సర్కారు కొలువుల పరీక్షలకు తయారగుటకు హైదరాబాదు పోయినారంటే, వారి చిరునామా చాలవరకు అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, ఈ మూడు పేటలలో ఒకటి. ఇవి ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నవి. అశోక్‌నగర్‌లో శిక్షణ కేంద్రములు, హాస్టళ్లు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము. ఆ గ్రంథాలయములో ప్రొద్దుటనుండి రాత్రి దాక తల ఎత్తకుండ చదువుకొనే పిల్లలను చూస్తే వారిలో మన ఊరి పిల్లలెవరో ఒకరు కనబడక మానరు. నారాయణగూడలో ఐ.పి.ఎం. అని పిలిచే నివారణ వైద్య సంస్థ ఉన్నది. కుక్క కరచినప్పుడు సూదిమందుకై మీలో కొందరు అక్కడికి పోయినవారే. హుస్సేన్‌సాగరులో మిగిలిన నీరు పోయే నాలా అశోక్‌నగర్ ప్రక్కగా సాగి, చివరకు మూసీలో కలుస్తుంది. 2000 సంవత్సరము ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ నాలా వెంట ఇండ్లు నీట మునిగినవి. ఏటా అంత వాన పడదు గాని, వానకాలమంతా ఆ ప్రక్కల క్రింది అంతస్తు గదుల గోడలు చెమ్మ పట్టి ఉంటవి.

మా అన్నగారి కుమారుడు అటువంటి గదిలోనే దిగినాడు. నాలుగు మంచాలు పట్టిన గది. కిటికీ ఒక్కటి, అదికూడ ప్రక్క ఇంటి గోడకు ఎదురుగా. ఇంటినుండి మేమే బూరుగు దూది పరుపు, పాత బొంత, మంచము క్రింద పెట్టుకొనుటకు బియ్యపు బస్తా పంపినాము. పిల్లవాడు సుఖముగా పడుకోవాలని మా వదినగారి ఆశ. మొదటి వానలతో తుమ్ములు మొదలైనవి. తరువాత తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. అక్కడి డాక్టరు గొట్టములోనికి ఊదించి పరీక్ష చేసి, ఇది ఎలర్జీ ఉబ్బసమని చెప్పి, రెండు ఇన్‌హేలర్లు ఇచ్చినాడు. ఒకటి రోజూ పీల్చవలసినది, రెండవది ఆయాసము వచ్చినప్పుడు పీల్చే నీలిరంగుది. రెండు నెలలలో పిల్లవాడు తేరుకొన్నాడు.

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ప్రొద్దున్నే అతడు మందు పీల్చుట చూచి నేను, “బాగనే ఉన్నవు గదరా, ఇంకా రోజూ మందెందుకు? అలవాటు పడితే మానలేవు” అన్నాను. ఆవుల డాక్టరునైనను డాక్టరునే గనుక నా మాటకు విలువ ఎక్కువ. అతడు రోజూ పీల్చే మందు మానివేసినాడు.

ఆ ఏడు జులై నెలలో అతనికి జలుబు చేసినది. మూడవ రాత్రి ఊపిరాడలేదు. నీలిరంగు ఇన్‌హేలరు పదే పదే పీల్చినా తగ్గలేదు. గదిలోని స్నేహితులు రెండు గంటల వేళ ఆటోలో ఆస్పత్రికి చేర్చినారు. నేను తెల్లవారి పోయేసరికి ప్రాణవాయువు గొట్టముతో పడుకొని ఉన్నాడు. ఆ వారము వ్రాయవలసిన పరీక్ష పోయినది. రెండవనాడు మాట వచ్చిన తరువాత అతడన్న మొదటి మాట, “చిన్నాయనా, మందు ఆర్నెల్ల సంది బంద్ చేసిన. నువ్వే అన్నవు గద.” నాకు జవాబు తోచలేదు. ఆయాసము లేనప్పుడు మందెందుకని నేనడిగిన ప్రశ్నకు జవాబేమిటో ఆ తరువాత కూర్చొని చదివి తెలిసికొన్నాను. అదే మీకు చెప్పబోతున్నది.

మన గట్లమీద ఉత్తరేణి మొక్క ఉంటుంది. దాని ప్రక్కనుండి పోతే పంచెకు గింజలు అంటుకొంటవి. గింజకు కొక్కెములున్నవి, పంచెకు నేత ఉన్నది. రెండు ఉంటేనే పట్టు. అదే నున్నని ప్లాస్టిక్ గుడ్డ ఐతే గింజ జారిపోతుంది. మన ఒంటిలోని కణములకు కూడ ఇట్లే కొక్కెములు, వాటికి తగిన పట్టులు ఉన్నవి. వీటిని శాస్త్రజ్ఞులు కణములను అంటించే అణువులంటారు. కొన్ని కణమును ప్రక్క కణముతో ఎప్పుడూ కలిపి ఉంచుతవి. కొన్ని మాత్రము అవసరము పడినప్పుడే పైకి వచ్చి, పని తీరిన తరువాత దాగిపోతవి. ఉబ్బసములో ఈ రెండు రకములూ చెడిపోతవి.

మొదట ఎప్పుడూ ఉండే పట్టును చూతాము. ఊపిరి గొట్టము లోపలి పొర పొలము గట్టువంటిది. పొర కణములను కాడ్‌హెరిన్ మొదలైన అణువులు ఒకదానికొకటి బిగించి ఉంచుతవి. అందువలన పీల్చిన దుమ్ము పైననే నిలిచి, తెమడతోపాటు బయటికి వస్తుంది. ఐతే పరుపులలో, బొంతలలో, కంటికి కనబడని ఒక పురుగు ఉంటుంది. దీనిని డస్ట్ మైట్ అంటారు. మంచాలలో కరిచే నల్లి కాదిది. మన పైరు మీది ఎర్రనల్లికి దూరపు దాయాది. మనిషి ఒంటినుండి రాలే పొట్టు తిని బ్రతుకుతుంది, చెమ్మలో బాగా పెరుగుతుంది. దాని పెంటలో ఒక జీర్ణరసము ఉన్నది. ఆ రసము పొర కణముల మధ్యనున్న బిగింపును కొరికివేస్తుందని 1999లో కనుగొన్నారు. ఎండ్రకాయ గట్టుకు బొరియ చేసినట్లే. గట్టుకు బొరియ పడితే నీరు ఎటు పోతుందో మీకు చెప్పనక్కరలేదు. లోపలికి దిగిన ధూళి అక్కడి కాపలా కణములకు చిక్కుతుంది. ఎలర్జీ తత్త్వము ఉన్నవారిలో ఆ కణములు కేక పెడతవి.

ఇక రెండవ రకము పట్టు. ముఖ్యమైన సంగతి ఇక్కడనే ఉన్నది.

రక్తములో తెల్లకణములు కాలువలో కొట్టుకొనిపోయే గింజలవలె పోతుంటవి. కాలువ గోడ, అనగా రక్తనాళము లోపలి పొర, మామూలుగా నున్నగా ఉంటుంది, కణము అంటదు. కేక వినబడగానే ఆ నున్నని గోడ మారిపోతుంది. మొదట హిస్టమిన్ అనే రసము తగిలిన కొద్ది నిమిషములలో గోడ లోపల దాచిన కొక్కెములు పైకి వస్తవి. వీటిని సెలెక్టిన్‌లు అంటారు. ఇవి గట్టిగా పట్టవు. పల్లేరుకాయను కంబళి మీద దొర్లిస్తే తగులుకొంటూ, విడుతూ, మెల్లగా దొర్లినట్లు, తెల్లకణము గోడ వెంట దొర్లుతుంది. కొన్ని గంటలలో ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సందేశములు చేరి, గోడ మీద వికామ్-1 అనే గట్టి పట్టును మొలిపిస్తవి. ఇతర సందేశముల వలన ఐకామ్-1 అనే మరొకటి పెరుగుతుంది. దొర్లుతున్న తెల్లకణము తన పిడికిలి తెరచి ఈ పట్టులను అందుకొంటుంది. ఆ పిడికిలి పేరు ఇంటెగ్రిన్. ఒకసారి అందుకొన్నదంటే రక్తము ఎంత వడిగా పారినా కదలదు. చదునై, గోడ కణముల సందులోనుండి దూరి, ఊపిరి గొట్టపు కండలోనికి దిగుతుంది.

ఎలర్జీ ఉబ్బసములో ఇట్లు దిగే కణములలో ముఖ్యమైనవి ఈసినోఫిల్‌లు. మనము ఊళ్లో “ఇస్నోఫీలియా” అనుకొనే మాట వీటి పేరునుండి వచ్చినదే. ఇవి వికామ్-1కు తగిన పిడికిలి గలవి. వీటి సంచులలో నులిపురుగుల వంటి వాటి మీద ప్రయోగించే విషము ఉంటుంది. పురుగు లేనిచోట ఆ విషమును చిమ్మితే సొంత ఇంటి గోడే పెచ్చులూడుతుంది. గొట్టము వాచి, తెమడ పెరిగి, కండ ముడుచుకొని, ఊపిరి బిగుస్తుంది.

దీనివలన రైతుకు ఎరుకైన ఒక వింత విడిపోతుంది. ఉదయము కళ్లములో నూర్పిడి చేసినవానికి తుమ్ములు అప్పుడే వచ్చి తగ్గిపోతవి. ఆయాసము మాత్రము రాత్రి భోజనము తరువాత వస్తుంది. “పొద్దున దుమ్ముకు ఇప్పుడెట్ల వస్తది, చల్లగాలికి వచ్చినట్లున్నది” అనుకొంటాడు. మొదటి తుమ్ములు హిస్టమిన్ పని, నిమిషములలో జరిగేది. రాత్రి ఆయాసము తెల్లకణములు పట్టు దొరకబుచ్చుకొని దిగినందువలన. దానికి సాధారణముగా నాలుగునుండి ఎనిమిది గంటలు పడుతుంది. రెండూ ఆ ఉదయపు దుమ్మువే.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. ఆయాసము తగ్గిన తరువాత ఈ పట్టులు పోయినవా? పోలేదు. ఇటలీలో కొందరు వైద్యులు డస్ట్ మైట్ పడనివారిని, వారికి తుమ్ములు గాని, ముక్కు కారుట గాని లేని రోజులలో పరీక్షించినారు. లక్షణమేదీ లేకున్నను పైపొర కణముల మీద ఐకామ్-1 నిలిచియే ఉన్నదని 1995లో ప్రకటించినారు. పైన బూడిద, లోన నిప్పు. మా పిల్లవాడు సంక్రాంతినాడు ఆ స్థితిలో ఉన్నాడు. రోజూ పీల్చే మందు ఆ సందేశములను తగ్గించి, గోడ మీద పట్టులు మొలవకుండ చూస్తున్నది. నేను దానిని మాన్పించినాను.

మరి జలుబుతో ఎందుకు ముదిరినది? ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నిజముగా ఆశ్చర్యము వేసినది. జలుబు తెచ్చే రైనోవైరస్సులలో పెద్ద గుంపు ఏ తలుపు పట్టుకొని కణములోనికి దూరుతుందో 1989లో తెలిసినది. ఆ తలుపు ఐకామ్-1. తెల్లకణముల కోసము మొలిచిన పట్టునే వైరస్సు తనకు పట్టుగా వాడుకొంటున్నది! పైగా వైరస్సు సోకిన కణము ఇంకా ఎక్కువ ఐకామ్-1ను పైకి తెస్తుంది. కనుక ఎలర్జీ నిప్పు రగులుతున్నవాని ఊపిరి గొట్టములో జలుబుకు తలుపులు ఎక్కువ. చిన్నపిల్లలను ఎక్కువ బాధపెట్టే మరొక తెగ రైనోవైరస్సు కాడ్‌హెరిన్ కుటుంబములోని ఇంకొక అణువును పట్టుకొంటుందని 2015లో తేలినది. పేరు వేరైనను పద్ధతి అదే.

ఇంత తెలిసిన తరువాత మీకు ఒక ఆలోచన రావాలి, నాకును వచ్చినది: ఈ పట్టులనే కోసివేస్తే పోదా? శాస్త్రజ్ఞులు కూడ అట్లే అనుకొన్నారు. 1990లో అమెరికాలో కోతులకు ఐకామ్-1ను కప్పివేసే మందు ఇచ్చి చూస్తే ఊపిరి గొట్టములో ఈసినోఫిల్‌లు చేరుట తగ్గినది, గొట్టము బిగియుట తగ్గినది. ఇక ఉబ్బసమునకు మందు దొరికినట్లే అని ఆశపడినారు. అట్లు కాకపోవుటకు కారణము మనుషుల డాక్టర్లకంటె ఆవుల డాక్టర్లకు బాగా తెలుసు. ఆబోతు కథ ఇదే.

హోల్‌స్టీన్ జాతిలో 1952లో పుట్టిన ఆస్‌బర్న్‌డేల్ ఐవాన్‌హో అనే ఆబోతు ఉండెను. దాని కూతుళ్లు పాలకు ప్రసిద్ధి. దాని సంతతి ఆబోతుల వీర్యము దేశదేశములకు పోయినది. ఐతే ఆ వంశములో కొన్ని దూడలు పుట్టిన కొద్ది వారములకే న్యుమోనియాతో, నోటి పుండ్లతో, మానని గాయములతో చిక్కి చనిపోయేవి. వాటి రక్తము పరీక్షిస్తే తెల్లకణములకు కొదువ లేదు. మామూలు దూడకంటె ఎన్నో రెట్లు ఉన్నవి! గాయములో మాత్రము ఒక్కటి చేరదు. 1992లో కారణము తెలిసినది. తెల్లకణముల పిడికిలిలో ఒక భాగము, సి.డి.-18 అనేది, తయారు చేసే జన్యువులో ఒక్క అక్షరము తప్పు. పిడికిలి లేనందున కణములు రక్తములోనే తిరుగుతూ, గోడకు అంటలేక, పుండు దగ్గరికి దిగలేక పోయినవి. ఈ జబ్బును బ్లాడ్ అంటారు. ఆనాడు అమెరికాలోని హోల్‌స్టీన్ ఆబోతులలో నూటికి సుమారు 15, ఆవులలో నూటికి 6 ఈ తప్పును పైకి కనబడకుండ మోస్తున్నవని లెక్క తేలినది. మోసే ఆవు, మోసే ఆబోతు కలిస్తేనే దూడకు జబ్బు. అదికూడ నాలుగింట ఒక దూడకు వచ్చే అవకాశము.

ఇది మీకు వేరే విధముగా కూడ పనికివస్తుంది. మన దేశములో వీర్య కేంద్రములకు తీసికొనే హోల్‌స్టీన్ ఆబోతులకు, వాటి సంకర ఆబోతులకు బ్లాడ్ పరీక్ష చేయవలెనని నియమము ఉన్నది. ఎక్కడినుండో తెచ్చిన వీర్యమని ఎవరైనా చౌకగా అమ్మ వస్తే ఆ పరీక్ష జరిగినదా అని అడగండి. జవాబు చెప్పలేనివాని వద్ద కొనకండి.

కథకు వస్తాను. పట్టు బొత్తిగా లేకపోతే ఏమగునో ఆ దూడలు చూపినవి. మనుషులలో కూడ ఇటువంటి జబ్బుతో పుట్టే పిల్లలు అరుదుగా ఉన్నారు. వారికి బొడ్డు ఊడుట చాల ఆలస్యమగుతుంది, పుండుకు చీము పట్టదు. మందులతోనూ అదే అనుభవము. సోరియాసిస్ అనే చర్మవ్యాధికి తెల్లకణముల పిడికిలిని కప్పే ఎఫాలిజుమాబ్ అనే మందును 2003లో అమెరికాలో అనుమతించినారు. చర్మము బాగుపడినది గాని, వాడినవారిలో కొద్దిమందికి మెదడులో నిద్రాణముగా నుండే వైరస్సు విజృంభించి ప్రాణము తీసినది. 2009లో దానిని బజారునుండి తీసివేసినారు. చేను కాపాడుటకు కంచె కొట్టివేసినట్లయినది. ఇప్పుడు వాడుకలోనున్న ఖరీదైన కొత్త సూదిమందులు పట్టును నేరుగా కోయవు. పట్టును మొలిపించే సందేశమును ఆపుతవి, లేదా ఈసినోఫిల్‌లను పెంచే సందేశమును ఆపుతవి. మొదటిదానికి డుపిలుమాబ్, రెండవదానికి మెపోలిజుమాబ్ ఉదాహరణలు. మామూలు మందులతో లొంగని తీవ్రమైన ఉబ్బసమునకు నిపుణులు ఇచ్చేవి ఇవి. మనలో నూటికి తొంభైమందికి వీటి జోలి అవసరము పడదని నా అభిప్రాయము.

మనకు కావలసినది ఆ రోజూ పీల్చే మందే. అందులో స్టెరాయిడ్ ఉన్నదని వినగానే చాలమంది జడుస్తారు. మోతాదు లెక్క చూడండి. ఒకసారి పీల్చే మోతాదు 200 మైక్రోగ్రాములు అనుకొందాము. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యవవంతు. అదే 10 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మాత్ర మ్రింగితే బరువులో దానికి 50 రెట్లు, అదికూడ ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చినది కావలసిన చోటికే పోతుంది. పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను, లేకపోతే నోటిలో తెల్లపూత రావచ్చును. ఇది పట్టులను మొలిపించే సందేశములను మెల్లగా అణచే మందు గనుక, గుణము కనబడుటకు రోజులు, వారములు పడుతుంది. నీలిరంగు మందు కండను సడలించి నిమిషములలో ఊపిరి తెస్తుంది గాని గోడ మీద పట్టును ముట్టదు. అందుకే ఆస్తమా చికిత్సకు ప్రపంచమంతట మార్గము చెప్పే గినా అనే సంస్థ, పెద్దవారు, ఎదిగిన పిల్లలు నీలిరంగు మందు ఒక్కదానితోనే కాలము గడుపరాదని 2019లో స్పష్టము చేసినది. మోతాదు తగ్గించుట, ఆపుట డాక్టరు చూచి చెప్పవలసిన పని. చిన్నాయన చెప్పవలసిన పని కాదు.

మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములో ఇచ్చే చేప మందు సంగతి మీలో ఎవరైనా అడుగుతారని నాకు తెలుసు. నమ్మకము మీ ఇష్టము. మా ఇంట్లోనూ పోయినవారు ఉన్నారు. కాని దానిని మ్రింగి వచ్చి ఇన్‌హేలరును అటకెక్కించుట ప్రమాదము. వానకాలము, జలుబుల కాలము ఆ కార్తెతోనే మొదలగుతుంది గదా.

ఇక మన చేతిలోనున్న పనులు. ఊరినుండి పిల్లవానికి పరుపు పంపేటప్పుడు కొత్తదే పంపండి, పాత బొంత వద్దు. దుప్పట్లు, దిండు గలీబులు వారమునకొకసారి చేయి పెట్టలేనంత వేడి నీటిలో ఉతికించండి. 55, 60 డిగ్రీల వేడి మైట్‌ను చంపుతుంది. ఎండ దొరికే మిద్దె ఉంటే పరుపును బాగా ఎండబెట్టుట మంచిది, ఎండిన పరుపులో ఆ పురుగు బ్రతకలేదు. బియ్యపు బస్తాను మంచము క్రింద పెట్టవద్దు, నిలువ బియ్యములో కూడ దాని దాయాదులు చేరుతవి. మూత బిగిసే డబ్బాలో పోయించండి. తడి బట్టలు గదిలో ఆరవేయుట, దోమల చుట్ట వెలిగించి తలుపులు మూయుట, ఈ రెండింటిని నేను అశోక్‌నగర్‌లో చూడని గది లేదు. అద్దె వంద తక్కువని చెమ్మ గోడ గదిని తీసికొంటే తరువాత ఆస్పత్రికి కట్టవలసి వస్తుంది. వీలైతే పై అంతస్తు చూడమనండి.

మనకు ఊళ్లో కళ్లము ఉన్నది, మిరప కల్లాలు ఉన్నవి, వయ్యారిభామ ఉన్నది. నూర్పిడిలో, మిరపకాయ ఏరుటలో గాలి వెనుకనుండి వచ్చేటట్లు నిలబడండి. తువ్వాల కట్టుకొనుట కంటె ఎన్-95 మాస్కు మేలు. ఇంటికి రాగానే స్నానము చేసి బట్టలు మార్చండి, దుమ్ము బట్టలతో మంచమెక్కితే ఎలర్జీ మంచములోనే ఉంటుంది. వయ్యారిభామను మన దేశములో 1950ల మధ్యలో పూణె ప్రాంతమున గుర్తించినారు. ఇప్పుడది లేని గట్టు లేదు, నగరములో ఖాళీ జాగాలనూ నాలా ఒడ్డులనూ కూడ వదలలేదు. దాని పుప్పొడి, ఎండిన ఆకు పొడి ముక్కుకు, చర్మమునకు పడవు. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసికొని వేరుతో పీకి కంపోస్టు గుంటలో వేయండి. పూత వచ్చిన తరువాత పీకితే విత్తనము మీరే చల్లినవారవుతారు. పంట లేని జాగాలలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఆకులు తడిసేటట్లు కొట్టవచ్చును. పంట భూమిలో మాత్రము ఉప్పు వద్దు. ఉబ్బసము ఉన్నవారిని ఈ పనికి పంపకండి.

ఒక జాగ్రత్త. మాట పూర్తిగా అనలేనంత ఆయాసము, పెదవులు నీలి రంగుకు తిరుగుట, నీలిరంగు ఇన్‌హేలరు పీల్చినా గుణము కనబడకపోవుట, వీటిలో ఏది కనబడినా తెల్లవారనిద్దామని చూడకండి. మా పిల్లవాని స్నేహితులు రెండు గంటల రాత్రి ఆటో కోసము ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాక పరుగెత్తినారు. వారు అట్లు చేయకపోతే ఈరోజు నేను మీ ఎదుట మేత సంగతే మాట్లాడుతూ ఉందును.

అతడిప్పుడు చిక్కడపల్లిలోనే మూడవ అంతస్తు గదిలో ఉన్నాడు. ఆరు నెలలకొకసారి డాక్టరు మోతాదు చూచి తగ్గించినాడు, పూర్తిగా ఆపలేదు. మొన్న ఊరికి వచ్చినప్పుడు పొద్దున్నే మందు పీల్చుతూ నా వంక చూచి నవ్వినాడు. నేను నోరు పుక్కిలించుటకు చెంబుతో నీళ్లు అందించినాను.

ఇన్‌హేలరు పట్టే పద్ధతి చాలమందికి సరిగా రాదు. మందు గొంతులో పడుతుంది గాని ఊపిరిలోనికి పోదు. నాలుగు ఖాళీ ఇన్‌హేలర్లు, రెండు స్పేసర్ గొట్టములు తెచ్చినాను, బల్లమీద ఉన్నవి. మీ ఇంట్లో వాడేవారు ఎవరైనా ఉంటే వచ్చి పట్టి చూడండి. ముందుగా డబ్బాను బాగా ఊపవలెను, అక్కడినుండి మొదలుపెడదాము.